కుబోతాగారి ఓటు

ఆ ఏడు మే నెల రెండో మంగళవారం మా ఇంట్లో నీళ్ళు రాలేదు.

కుళాయి తిప్పితే గురక లాంటి చప్పుడొకటి వచ్చి ఆగిపోయింది. వంటింట్లో మా అత్తగారు బియ్యం గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. పక్కింటికి వెళ్ళి అడిగాను. నెజుగారి భార్య తొట్లూ బక్కెట్లూ నింపి పెట్టుకుని తీరిగ్గా కూర్చుని ఉంది.

"అదేంటండీ, అట్టలో వచ్చిందిగా. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గొట్టాలు కడుగుతారని రాశారు. మీ ఇంటి ముద్ర కూడా ఉంది దానిమీద," అంది.

మా వీధిలో పదకొండు ఇళ్ళు. ఊరి కార్యాలయం నుంచి వచ్చిన కాగితాలన్నీ ఒక అట్టకి తగిలించి ఇంటింటికీ తిప్పుతారు. చదివినవాళ్ళు తమ గడిలో ముద్ర వేసి పక్కింటికి చేర్చాలి. ఆ అట్ట వచ్చిన రోజు నేను మడిలో నాట్లు వేస్తున్నాను. ముద్ర వేసి నెజువాళ్ళ గుమ్మంలో పెట్టింది మా అత్తగారే.

నెజుగారి భార్య ఇచ్చిన రెండు బక్కెట్లు మోసుకొచ్చి వంటింట్లో దించాను.

"అట్టలో రాశారట, అత్తయ్యా."

"కళ్ళద్దాలు కనబడలేదు నాయనా ఆ రోజు," అన్నారు.

కళ్ళద్దాలు ఎప్పటిలాగే ఆవిడ తలమీద ఉన్నాయి. ఆవిడ ఒక చెంబు నీళ్ళతోనే బియ్యం కడిగారు, ఆ కడుగు నీళ్ళు కూడా పారబోయకుండా మొక్కలకి పోశారు.

మా అత్తగారి పేరు ఇసో. అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాణ్ని. ఇంటిపేరు కూడా వాళ్ళదే. మామగారు పోయి చాలాకాలమైంది. నా భార్య ఫుమియె అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో పోయింది. నలభై తొమ్మిదో రోజు కర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక అత్తగారు నాతో, "నువ్వు కావాలంటే మీ పుట్టింటికి వెళ్ళిపోవచ్చు నాయనా, నేనేమీ అనుకోను," అన్నారు. "అక్కడ మా మరదలికి నా మొహం కూడా గుర్తుండదు," అన్నాను. ఆవిడ నవ్వి, అన్నం గిన్నె నా ముందు పెట్టారు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

నేను వ్యవసాయ కళాశాలలో చదివి, ఊరి కార్యాలయంలో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఫుమియె పోయిన తర్వాత శనివారాలు మరీ పొడుగైపోవడంతో, ఊరి సమాజ భవనం పై గదిలో పరదేశాల నుంచి వచ్చినవాళ్ళకి జపాను భాష నేర్పడం మొదలుపెట్టాను. మొదటి మెట్టు మాత్రమే. పలకరింపులు, అంకెలు, నలభై ఆరు చిన్న అక్షరాలు. మా రాతలో ఇవి కాక వేల కొద్దీ పెద్ద అక్షరాలున్నాయి కానీ, వాటి జోలికి నేను పోయేవాణ్ని కాదు.

ఆ వసంతంలో ఐదుగురు వచ్చేవాళ్ళు. పుట్టగొడుగుల షెడ్లలో పనిచేసే వియత్నాం పిల్ల థూయ్ అందరికంటే చురుకు. రోవెనాది ఫిలిప్పీన్స్. బియ్యం మిల్లు ఒబాతాని పెళ్ళి చేసుకుని పదేళ్ళ క్రితం వచ్చింది. మాటలు గడగడా మాట్లాడుతుంది, అయితే అవన్నీ మిల్లులో బస్తాలు మోసేవాళ్ళ దగ్గర నేర్చుకున్న మాటలు. నన్ను మొదటిరోజే, "మాస్టారూ, నువ్వు కూర్చో, నీకు మోకాళ్ళు నొప్పి," అంది. చదవడం మాత్రం ఒక్క ముక్క రాదు.

నీళ్ళు రాని ఆ వారమే, శుక్రవారం సాయంత్రం అత్తగారు ఉన్నట్టుండి అడిగారు.

"నీ దగ్గరికి వచ్చే పిల్లలకి టీ ఎవరు పోస్తున్నారు?"

"ఎవరూ లేరు. సీసాలు తెచ్చుకుంటారు."

"సీసాలా? ఊరు కాని ఊరు వచ్చినవాళ్ళకి టీ కూడా పొయ్యరా మీరు? నేనొస్తాను పద."

మర్నాడు పెద్ద కెటిల్ నిండా బార్లీ టీ కాచి, గుడ్డలో కట్టుకుని నాతో వచ్చారు. అందరికీ పోసి, వెనక వరసలో రోవెనా పక్కన కూర్చున్నారు. ఆ పై శనివారం కూడా వచ్చారు. మూడో శనివారం అందరూ వెళ్ళాక రోవెనా చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"మాస్టారూ, నువ్వు పెద్ద చదువు చదివినోడివి. కానీ నీకు కళ్ళు లేవు."

"ఏమైంది?"

"బామ్మ టీ పొయ్యడానికి రావట్లేదు."

"మరి?"

"నువ్వు బోర్డు మీద గీస్తావు కదా. అప్పుడు బామ్మ వేలు చూడు. ఒళ్ళో పెట్టుకుని నువ్వు గీసినట్టే గీస్తది."

నేను చేతిలోని సుద్దముక్క కింద పెట్టాను.

"నాకెట్ల తెలుసు అనుకుంటున్నావా? నేనూ ఏడేళ్ళు అదే నాటకం. బిడ్డ స్కూలు నుంచి కాగితం వస్తే, కళ్ళద్దాలు మర్చిపోయిన, నువ్వే చదువు అనేదాన్ని. నాకు అసలు కళ్ళద్దాలే లేవు."

ఇంటికి వస్తూ దారంతా ఆలోచించాను. బ్యాంకుకి వెళ్ళాలంటే ఫుమియె వెంట వెళ్ళేది. ఆసుపత్రిలో కాగితాలు నింపాలంటే, "అమ్మకి చెయ్యి వణుకుతుంది," అని ఫుమియె కలం అందుకునేది. అట్ట వచ్చినప్పుడల్లా వంటింట్లో గట్టిగా చదివేది. అది తన అలవాటు అనుకున్నాను. నా పక్కన ముప్పై ఎనిమిదేళ్ళు పడుకున్న మనిషి నాకు చెప్పకుండా దాచింది ఇదొక్కటే కాబోలు. అది తన రహస్యం కాదు, వాళ్ళమ్మది. అందుకే చెప్పలేదు.

అత్తగారిని నేనేమీ అడగలేదు. నలభై ఆరు అక్షరాల పట్టిక పెద్దగా రాసి మరుగుదొడ్డి గోడకి అంటించాను.

"ఈ కాగితం ఇక్కడెందుకు?" అన్నారు.

"పాఠం తయారు చేసుకోవడానికి. ఇంకెక్కడా నాకు మనసు నిలవడం లేదు."

"ఊఁ," అన్నారు.

మూడు రోజుల తర్వాత చూస్తే ఆ కాగితం రెండు జానలు కిందికి దిగి ఉంది. ఆవిడ కూర్చుంటే కళ్ళకి సరిగ్గా ఎదురుగా.

జూన్ రెండో వారంలో వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం అట్ట వచ్చింది. అప్పటికి నేను దాన్ని పైకి చదవడం అలవాటు చేసుకున్నాను, నాలో నేను చదువుకుంటున్నట్టు. ఆవిడ ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు వొలుస్తున్నారు. ఊరి సభకి ఎన్నికలు జూలై పద్నాలుగున. పన్నెండు స్థానాలు. నిలబడతామని చెప్పినవాళ్ళు పదమూడు మంది. పేర్లు చదువుతూ పోయాను. ఆఖరి పేరు ఉసమి కయో.

చిక్కుడుకాయ వొలిచే చేతులు ఆగాయి.

"మన కయోనా? నర్సు కయో?"

"అవును. ఇళ్ళకి వెళ్ళి చూసే నర్సుల్ని తీసేస్తామంటున్నారుగా. అది ఆపాలని నిలబడుతోందిట."

ఫుమియె ఇంట్లోనే పోవాలనుకుంది. ఆ ఆఖరి రెండు నెలలూ కయో రోజూ వచ్చింది, మంచు పడినా. మందులూ సూదులూ సరే. పని అయ్యాక ఇంకో పదినిమిషాలు కూర్చుని ఫుమియె జుట్టు దువ్వి వెళ్ళేది. అది ఆమె చెయ్యవలసిన పనుల్లో లేదు. అత్తగారు తలుపు పక్కన కూర్చుని ఆ దువ్వడం చూస్తుండేవారు.

"నాయనా," అన్నారు చిక్కుడు తొక్కలు పక్కకి జరిపి, "నీకు తెలిసిపోయిందని నాకు తెలుసు. ఆ గోడ కాగితం చూసినప్పుడే తెలుసు."

"అదేం లేదత్తయ్యా..."

"ఊరుకో. చిన్నప్పుడు మా అక్క పిల్లల్ని వీపున కట్టుకుని బడి కిటికీ కింద నిలబడేదాన్ని. పిల్ల ఏడిస్తే పంతులు పొమ్మనేవాడు. అంతే నా చదువు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక మీ మామగారు ఒక్క పేరు నేర్పారు, కుంపటి బూడిదలో పుల్లతో గీయించి. ఓటుకి. అదొక్కటే వచ్చు నాకు."

బజారు ప్రకటన కాగితం ఒకటి తిరగేసి, పెన్సిల్ తీసుకుని రాశారు. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా నొక్కి, ఒక్కసారి కూడా ఆగకుండా.

కుబోతా గెన్‌జీ.

ఆ కాగితం అంచు ఎత్తి, వెనక వేలితో తడిమాను.

మా ఓటు కాగితం మీద అభ్యర్థుల పేర్లుండవు, గుర్తులుండవు. ఖాళీ గడి ఒకటి ఉంటుంది. అందులో మనకి కావలసిన మనిషి పేరు పెన్సిల్‌తో మనమే రాయాలి. కార్యాలయంలో పనిచేసిన ముప్పై ఆరేళ్ళూ ప్రతి ఎన్నికకీ నేను ఓట్లు లెక్కపెట్టాను. ప్రతిసారీ ఒక కాగితం వచ్చేది. కుబోతా గెన్‌జీ అని, అటువైపు తడిమితే వేలికి తగిలేంత గట్టిగా నొక్కి రాసింది. కుబోతా పాత రోజుల్లో ఊరికి వంతెన తెచ్చిన సభ్యుడు. నేను ఇల్లరికం రాకముందే చనిపోయాడు. ఊరి సభకైనా, పార్లమెంటుకైనా ఆ ఓటు మాత్రం ఆయనకే పడేది. లెక్కింపు బల్ల దగ్గర మేము దానికి పేరు కూడా పెట్టాం, 'కుబోతాగారి నమ్మినబంటు' అని. అది బయటపడేదాకా ఎదురుచూసేవాళ్ళం. కనబడగానే ఎవరో ఒకరు పైకెత్తి చూపించేవారు, అందరం నవ్వేవాళ్ళం. తర్వాత చెల్లని ఓట్ల పెట్టెలో పడేసేవాళ్ళం.

అంతటితో ఆగితే బాగుండేది. ఇంటికి వచ్చి అన్నం బల్ల దగ్గర ఆ సంగతి చెప్పేవాణ్ని. "ఈసారి కూడా వచ్చింది, నమ్మినబంటు ఓటు! చచ్చిపోయి ఇరవై ఏళ్ళయినా వదలడు!" ఇరవై ఏళ్ళు ముప్పై అయ్యాయి, ముప్పై నలభై అవుతున్నాయి. మామగారు ఉన్నన్నాళ్ళూ తల దించుకుని చారు తాగేవారు. ఫుమియె మాట మార్చేది. అత్తగారు ఊరేసిన దోసకాయల గిన్నె నా వైపు జరిపేవారు.

"ఏమైంది, అలా అయిపోయావు?" అన్నారు అత్తగారు.

"ఏం లేదు. చక్కగా రాశారు."

"చక్కగానే ఉంటుంది, అరవై ఏళ్ళుగా అదే రాస్తుంటే." ఆ కాగితాన్ని చిక్కుడు తొక్కల మీద పడేశారు. "ఈసారి కయోకి వెయ్యాలి నేను. నెల రోజులుంది."

"అదెంతసేపత్తయ్యా. ఉసమి కయో, ఐదే అక్షరాలు. రెండు రోజుల్లో..."

"వద్దు." ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "ఆయనా అలాగే నేర్పాడు. ఒక పేరు నేర్పితే ఒక పేరే వస్తుంది. ఓటు రాసే చోట పదమూడు పేర్లు అంటిస్తారటగా. నేను పదమూడూ చదవాలి. చదివి, అందులోంచి కయోని తీసుకోవాలి. అప్పుడే అది నా ఓటు."

ఆ రోజు నుంచి శనివారాలు చాలలేదు. పొద్దున్నే గిన్నెలు కడిగాక వంటింటి బల్ల మీద పాత క్యాలెండరు కాగితాలు పరిచేవారు. ముప్పై అక్షరాల దాకా బాగానే వెళ్ళింది. తర్వాత ఒకదాన్ని పోలినట్టు ఇంకొకటి వచ్చి, అప్పటిదాకా వచ్చినవి కూడా కలగాపులగమయ్యాయి. ఒక్కో రోజు పెన్సిల్ కింద పెట్టి, తన చేతిని తనే వేరేవాళ్ళ చెయ్యిని చూసినట్టు చూసుకునేవారు. జూన్ ఆఖరుకి మొహం పీక్కుపోయింది. చూడలేక ఒక తెలివితక్కువ మాట అన్నాను.

"అత్తయ్యా, రాయలేనివాళ్ళ బదులు రాసిపెట్టే పద్ధతి ఉంది. ఇద్దరు ఉద్యోగులు దగ్గరికొస్తారు. పేరు చెవిలో చెబితే ఒకరు రాస్తారు, ఇంకొకరు చూస్తారు. చట్టమే అది. తప్పేం లేదు."

ఆవిడ క్యాలెండరు కాగితాలు ఒక్కొక్కటే మడిచారు.

"ఆ ఇద్దరిలో ఒకడు మన వీధి నగనుమా మనవడు అవుతాడు," అన్నారు. "ఇంకొకత్తె పక్కింటి నెజువాళ్ళ కోడలు. నువ్వు ఊళ్ళో ముప్పై ఆరేళ్ళు ఉద్యోగం చేశావు, ఆ మాత్రం తెలీదా నీకు?"

మూడు రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెట్టారు, బట్టలు మడత పెట్టారు. ఫుమియె ఫోటో ముందు నీళ్ళు మార్చారు. శనివారం కెటిల్ అలమరలోంచి దిగలేదు. నేనొక్కణ్నే వెళ్ళాను. రోవెనా నా వెనక ఎవరూ లేకపోవడం చూసి, "ఏం చేసినవ్ మాస్టారూ?" అంది. చెప్పాను. పాఠం అయ్యేదాకా నాతో ఇంకో మాట మాట్లాడలేదు.

ఆదివారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చినప్పుడు రోవెనా మా ఇంటికొచ్చింది. అరటికాయలు బెల్లంలో వేయించి తెచ్చింది. అరుగు మీద అత్తగారి పక్కన కూలబడింది. నేను లోపల కాగితపు తలుపు వెనక పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

"బామ్మా, నువ్వు రాకపోతే ఎట్ల? నా పక్కన ఎవరూ లేరు. ఆ థూయ్ చూసినావా, ఒక్కసారి చూస్తే నేర్చేస్తది. నాకు ఒళ్ళు మంట."

"నాకు బుర్ర మూసుకుపోయిందమ్మా. ఏమీ లోపలికి పోవట్లేదు."

"నీది మూసుకుపోయింది, బాగానే ఉంది. నాది రెండు పక్కలా తెరిచి ఉంది. ఇటు వచ్చింది అటు పోతది."

అత్తగారు నవ్వారు. వారంలో అదే మొదటి నవ్వు.

"నీకేం, చిన్నదానివి. పరాయి దేశందానివి. రాదంటే ఎవరైనా సరే అంటారు. నేను ఇక్కడే పుట్టి..."

"ఊఁ. మా ఊళ్ళో అయితే నేను చదువుతా. ఇక్కడ నేను అక్షరం రాని గొడ్డుని. నువ్వు రెండు చోట్లా గొడ్డువి. అయితే ఏంది? గొడ్లిద్దరం కలిసి పోదాం."

అరటికాయ కొరికిన చప్పుడు వినిపించింది.

"ఇది బాగుంది," అన్నారు అత్తగారు. "ఎక్కడికి పోదామంటావు?"

జూలై తొమ్మిదిన ప్రచారం మొదలైంది. రైతు సంఘం గోదాము ముందు అభ్యర్థుల బొమ్మలు అంటించే చెక్క బోర్డు వెలిసింది, అంకెలు వేసిన గడులతో. ఐదు రోజుల ప్రచారం. ఆ ఐదు రోజులూ పొద్దున్నా సాయంత్రం వాళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద ఆ బోర్డు ముందు నిలబడ్డారు. రోవెనా వేలు పెట్టేది, అత్తగారు చదివేవారు. తప్పయితే రోవెనా, "నాకూ అదే అనిపించింది," అనేది. అప్పుడు ఇద్దరూ నా వైపు చూసేవారు. నేను ఎరువుల బస్తాల మీద కూర్చుని తల ఊపడమో అడ్డంగా తిప్పడమో చేసేవాణ్ని.

ఊళ్ళో ఎక్కువమంది పేర్లు చిన్న అక్షరాల్లోనే వేయిస్తారు, రాసేవాళ్ళకి తేలిగ్గా ఉంటుందని. ఇద్దరు మాత్రం పెద్ద అక్షరాల్లో దర్జాగా వేయించుకున్నారు. "ఈ ఇద్దరికీ నా ఓటు అక్కర్లేనట్టుంది," అన్నారు అత్తగారు.

మూడో రోజుకి ఊళ్ళో కదలిక వచ్చింది. ఇసోగారు రోజూ వచ్చి బోర్డు చూస్తున్నారట, ఎవరివైపో అని. నాలుగో రోజు హొషికవా మైకు బండి మా ముందే ఆగింది. ఆయన ఇరవై ఏళ్ళుగా సభ్యుడు. తెల్ల చేతి తొడుగులతో దిగి, నడుం విరిగేలా వంగి దణ్ణం పెట్టాడు. అత్తగారు ఆయన మొహం చూడలేదు. భుజం మీంచి వేలాడే పేరు పట్టీని చూశారు.

"హొ... షి... కా... వా," అన్నారు.

"అవునమ్మా! హొషికవానే! గుర్తుపెట్టుకున్నారు!" ఆయనకి కళ్ళలో నీళ్ళొచ్చినంత పనయింది. బండి మైకులో అమ్మాయి, "మీ ఆదరణకి కృతజ్ఞతలు, ఇసోగారూ," అని వీధి వీధంతా వినబడేలా చెప్పింది.

బండి వెళ్ళాక రోవెనా నవ్వు ఆపుకోలేక గొడుగు వదిలేసింది. "బామ్మా, వాడికి ఓటు పడిపోయిందనుకున్నాడు!"

"పాపం, మంచివాడే," అన్నారు అత్తగారు, తడిసిపోతూ. "కానీ తప్పు లేకుండా చదివాను కదా?"

"చదివారు," అన్నాను నేను.

ఆదివారం ముసురు. అత్తగారు గుడికి కట్టుకునే బూడిద రంగు కిమోనో కట్టుకున్నారు. పేరు రాసి ఇస్తాను, చేతి సంచిలో పెట్టుకోండి అన్నాను. అక్కర్లేదన్నారు. ప్రాథమిక పాఠశాల ఆటల హాలులో చెప్పులు విప్పుతుంటే నగనుమా మనవడే బల్ల దగ్గర కనిపించాడు. నేను ముందు వేసి బయటి గుమ్మంలో నిలబడ్డాను.

నా తర్వాత లోపలికి వెళ్ళినవాళ్ళు ఆరుగురు బయటికి వచ్చేశారు. ఆవిడ రాలేదు. ఓటు రాసే బల్ల చుట్టూ పెట్టిన అడ్డ చెక్కల కింద నుంచి ఆవిడ తెల్ల మేజోళ్ళు కనబడుతున్నాయి, కదలకుండా. పేర్ల కాగితం ఆ చెక్కల లోపలే ఉంటుంది, పెద్ద అక్షరాల పక్కన చిన్న అక్షరాలతో సహా. పదమూడు పేర్లు. మొదటి నుంచీ చదువుతున్నారని నాకు తెలుసు. నగనుమా మనవడు కుర్చీలోంచి లేచాడు, మర్యాద తెలిసిన కుర్రాడు.

"పెద్దమ్మగారూ, ఏమైనా సాయం కావాలా?"

నేను గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకు వేశాను.

"కావాలి," అన్నారు లోపల్నుంచి. "ఈ పెన్సిల్ మొన విరిగింది. ఇంకోటి ఇవ్వు."

అతను ఇంకోటి ఇచ్చాడు. కాసేపటికి ఆవిడ బయటికి వచ్చారు, రెండు మడతలు పెట్టిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని. పెట్టెలో వేశాక పెట్టెకి చిన్నగా తల వంచారు. బయట నా చెయ్యి పట్టుకుని చెప్పులు వేసుకుంటూ, "టోఫు కొనుక్కుని పోదాం, ఇంట్లో లేదు," అన్నారు. ఎవరికి వేశారని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మా ఊళ్ళో లెక్కింపు మర్నాడు పొద్దున. రిటైరైన నన్ను ఆ ఏడు సాక్షిగా రమ్మన్నారు. ఉన్నత పాఠశాల హాలులో బల్లల మీద కాగితాలు పోసి, పేరు పేరునా విడదీసి, యాభై యాభై కట్టలు కట్టి మా ముందుకు తెస్తారు. మేము చూసి ముద్ర వేస్తాం. ఉసమి కయో కట్టలు వచ్చినప్పుడు ఒక్కొక్క కాగితాన్నీ వెనక్కి తిప్పి వేలితో తడిమి చూడాలనిపించింది. చూడలేదు. అది సాక్షి పని కాదు.

పదకొండు గంటలకి చెల్లని ఓట్ల బల్ల దగ్గర సందడి తగ్గింది. అక్కడ పెద్ద ఒకప్పుడు నా కింద పనిచేసిన అయోయాగి.

"రాలేదా?" అని ఎవరో అడిగారు.

"ఇంకా లేదు."

"సరిగ్గా చూడు. ఎక్కడికి పోతాడు?"

అయోయాగి కుప్పంతా మళ్ళీ వేరుచేశాడు. ఖాళీవి పదిహేను. పిల్లి బొమ్మ వేసింది ఒకటి. 'అందరూ ఒకటే' అని రాసింది ఒకటి. కుబోతా లేడు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. అయోయాగి మూడోసారి చూడబోయి ఆగాడు.

"పోయినట్టున్నాడు, నమ్మినబంటు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళుగా దాన్ని పైకెత్తి చూపించినవాళ్ళే అందరూ. అయోయాగి చెల్లని ఓట్ల పెట్టె వైపు తల వంచాడు. ఒక్కొక్కరే వంచారు. అలా ఎవరూ చెప్పకుండానే తలలు వంగడం చూసి, నేనూ వంచాను. తర్వాత ఎవరి బల్లకి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఉసమి కయో పదకొండో స్థానంలో గెలిచింది. ఓడిపోయిన మనిషి కంటే పంతొమ్మిది ఓట్లు ఎక్కువ. హొషికవా కూడా గెలిచాడు.

సాయంత్రం అన్నం బల్ల దగ్గర అత్తగారికి ఫలితం చెప్పాను. "పదకొండో పన్నెండో, లోపలికి వెళ్ళింది కదా," అన్నారు. నిన్నటి టోఫు మీద అల్లం తురిమి పెట్టారు. నేను సగం తిన్నాక, ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు.

"ఈసారి కుబోతాగారి ఓటు వచ్చిందా?"

అన్నం గిన్నె కింద పెట్టాను.

"రాలేదు."

"వెతికారా?"

"రెండుసార్లు. వేసే మనిషి పోయాడేమోనని అందరూ తలలు వంచారు."

"నువ్వూ వంచావా?"

"వంచాను."

ఆవిడ ఊరేసిన దోసకాయల గిన్నె నా వైపు జరిపారు. ఆ గిన్నె చూసేసరికి ఇక దాచుకోలేకపోయాను.

"అత్తయ్యా, ఇన్నేళ్ళూ నేను ఈ బల్ల దగ్గరే కూర్చుని ఆ ఓటు సంగతి చెప్పి నవ్వాను."

"చెప్పేవాడివి," అన్నారు. "ఒక్కసారి కూడా మానలేదు."

"నాకు తెలీదు."

"తెలీదు, నిజమే. మొదట్లో మీ మామగారికి కోపం వచ్చేది, చెప్పేస్తానని లేచేవారు. నేనే వద్దన్నాను." ఒక ముక్క తన గిన్నెలో వేసుకున్నారు. "నువ్వు చెప్పకపోతే అది అక్కడిదాకా చేరిందో లేదో నాకెలా తెలిసేది?"

అప్పుడే గుమ్మం తలుపు జరిగింది. "అట్ట పెట్టి వెళ్తున్నానండీ," అని ఎగువ ఇంటివాళ్ళ గొంతు వినిపించింది. నేను లేవబోయాను.

"నువ్వు తిను," అన్నారు అత్తగారు.

వెళ్ళి తెచ్చుకుని, దీపం కింద కూర్చున్నారు. కళ్ళద్దాల కోసం బల్ల మీద వెతికి, తర్వాత తలమీంచి కిందికి దించుకున్నారు. వేలు మొదటి వరస మీద పెట్టారు. పెద్ద అక్షరం వచ్చిన చోట వేలు ఆగుతోంది, దాన్ని దాటుతోంది, మళ్ళీ కదులుతోంది. పెదాలు కూడా కదులుతున్నాయి.

"నెజువాళ్ళకి రేపు ఇస్తే సరిపోతుందా?" అన్నారు తల ఎత్తకుండా. "నాకు టైం పడుతుంది."

"సరిపోతుంది," అన్నాను.

ముద్ర డబ్బా ఆవిడ మోకాలి పక్కన ఉంది. మూత ఇంకా తియ్యలేదు.